గడ్డపోళ్ళ పురిటిమైల

నోలారికి ఈ లోకంలో రెండు జాతులంటే గిట్టదు. మొదటి జాతిలో ఉన్నది ఒక్కతే, ఆమె సవతి సిలాంతోయ్. రెండో జాతిలో ఎన్ని ఉన్నాయో చెప్పడం ఎవరి తరమూ కాదు. టీవీల్లో వైల్డ్‌బీస్ట్ అని చూపిస్తారే, ఆ జంతువులు. మొహం చూస్తే ఎవరో పోయారన్న కబురు మోసుకొస్తున్నట్టు ఇంత పొడుగున వేలాడుతూ ఉంటుంది, దాని కింద గడ్డం. ఎందుకు పరుగెత్తుతున్నాయో వాటికీ తెలియదు, ఎందుకు ఆగాయో పక్కదానికీ తెలియదు. లోయితా మైదానంలో ఆవుల్ని కాచుకుని బతికే మాసాయి ఆడవాళ్ళు వాటిని ‘గడ్డపోళ్ళు’ అంటారు. మిగతావాళ్ళు కాస్త ముద్దుగానే అంటారు గానీ నోలారి నోట అది తిట్టే.

ఏటా చిన్నవానలు కురిసి మైదానం పచ్చబడగానే గడ్డపోళ్ళు మందలు మందలుగా దిగుతాయి. ఊరికే మేసి పోతే గొడవే లేదు. అవి పురుడు పోసుకోవడానికి వస్తాయి. చూలుతో ఉన్నవన్నీ కూడబలుక్కున్నట్టు ఒకదాని వెనక ఒకటి ఈనేస్తాయి. ఆ పురిటిమైల పడిన గడ్డి ఆవు మేసిందా, ఆ పిల్లల చీమిడి ఆవుకు అంటిందా, ఇక ఆ ఆవు దక్కదు. కళ్ళకు పాలపొర కమ్మి, ముక్కు కారి, చూస్తుండగానే పోతుంది. దానికి మందు లేదు. ఉన్న మందల్లా ఒకటే, పారిపోవడం. అందుకే ఏడాది మొత్తంలో గడ్డి కమ్మగా ఉండే రోజుల్లోనే ఊరు ఊరంతా ఆవుల్ని తోలుకుని కొండలెక్కేస్తుంది.

ఈ ఏర్పాటు నోలారికి కాపురానికి వచ్చిన నాటి నుంచీ మింగుడు పడలేదు. ఇంటికి చుట్టాలొస్తే ఇంటివాళ్ళు పొయ్యి ఆర్పుకుని పారిపోయే ఊరు ఇంకెక్కడైనా ఉందా అని అడిగేది. ఆమె కోపంలో న్యాయం లేకపోలేదు. మాసాయిల్లో ఇల్లు కట్టేది ఆడదే. పుల్లలు ఏరి తెచ్చి, వంచి, కట్టి, పేడ మెత్తి, వాన పడితే మళ్ళీ పైకెక్కి మెత్తి, నడుము పడిపోయేదాకా కట్టుకున్న ఇల్లు అది. దాన్ని వదిలేసి కొండ మీద ఇంకో పాత గుడిసెకు అతుకులు వేసుకోవాలి. తిరిగొచ్చేసరికి గడ్డపోళ్ళు గోడలకు వీపులు రుద్దుకుని, మెత్తిన పేడంతా రాలగొట్టి, గుమ్మంలో పెంటికలు పోసి వెళ్ళిపోయి ఉంటాయి. కాబట్టి ఏటా మూటలు కట్టే ముందు నోలారి ఇంటి వెనక మిట్ట మీద నిలబడి వాటిని తాతముత్తాతల దగ్గర్నుంచి మొదలుపెట్టి తిట్టేది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని వచ్చి మరీ వినేవాళ్ళు. కొత్త తిట్టు ఒక్కటైనా పడకపోతే, ఈ ఏడు నోలారికి ఒంట్లో బాగున్నట్టు లేదని బెంగపడేవాళ్ళు.

ఇక సవతి సంగతి. ఇంటికి చిన్నభార్య వచ్చినప్పుడు పెద్దభార్య ఆమెకొక పెయ్యదూడను ఇవ్వడం అక్కడి మర్యాద. ఇచ్చాక ఇద్దరూ పేర్లు మానేసి జన్మంతా ఒకరినొకరు ‘పాషే’ అని పిలుచుకోవాలి, పెయ్యను ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళు గనక. సిలాంతోయ్ కొత్తకోడలిగా గుమ్మంలో నిలబడిన రోజున, ఊరంతా చూస్తుండగా, నోలారి దొడ్లోకి వెళ్ళి ఒక మేకను లాక్కొచ్చి ఇచ్చింది. అది కూడా ఒంటికొమ్ముది. మేకను ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళు ‘పాకినే’ అనుకోవాలి. ఆనాటి నుంచి ఇద్దరూ పాకినేలే.

మేకలు కాచుకునే ఇంటి పిల్లకు ఆవునిస్తే ఎటువైపు కూర్చుని పితకాలో తెలియొద్దా అని నోలారి సమర్థించుకుంది. సిలాంతోయ్ ఎదురు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. ఇంటికి ఏ చుట్టమొచ్చినా సరే, తన గుడిసెలోంచి తేనె పోసినట్టు, ‘పాకినే, టీలో పంచదార వెయ్యనా’ అని ఊరంతా వినపడేలా అడిగేది. చుట్టాలు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్ళు. పెద్దామె మేకతో సరిపెట్టిందన్న కబురు అలా పాతబడకుండా ఏటికేడూ కొత్తగానే ఉండేది.

ఆ రోజు ఇవ్వకుండా దాచుకున్న పెయ్యే సాంపు. గోధుమరంగు ఒంటి మీద నల్లచారలు, కాటుక దిద్దినట్టుండే కళ్ళు. ఇప్పుడు నాలుగు ఈతలు ఈనిన పెద్దావు. అక్కడ ఒకే మొగుడికి ఎంతమంది భార్యలున్నా ఎవరి ఆవులు వారివే. ఇంకొకరి ఆవు పొదుగు మీద చెయ్యి వెయ్యడమంటే ఇంకొకరి పెట్టెలో చెయ్యి పెట్టడమే. సాంపును నోలారి తప్ప ఎవరూ పితకరు. కూతుళ్ళు పెళ్ళిళ్ళై వెళ్ళిపోయాక మనసు విప్పి మాట్లాడుకోవడానికి ఆమెకు మిగిలింది ఆ ఆవే. బతిమాలితే వినదు, తిడితే వింటుంది, అచ్చం నా పోలికే అని మురిసిపోయేది.

ఆ ఏడు వానలు తొందరపడ్డాయి. వాటి వెనకే గడ్డపోళ్ళూ తొందరపడ్డాయి. సాంపు మాత్రం తొందరపడలేదు. నిండుచూలుతో, నేలను తాకేలా వేలాడుతున్న పొట్టతో, దొడ్లో నింపాదిగా నెమరేస్తూ కూర్చుంది. ఆ ఒంటితో కొండదారి రాళ్ళ మీద ఎక్కిస్తే దూడ కడుపులోనే పోతుంది, దాని వెంట తల్లీ పోవచ్చు. ఇక్కడే ఉంచితే గడ్డపోళ్ళ మైల వచ్చి పడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మొగుడు మెపుకోరి ఊరి మగవాళ్ళతో కూర్చుని ఆలోచించాడు. మంద కొండెక్కాలి, సాంపు ఈనేదాకా ఇక్కడే ఉండాలి, ఈనగానే నోలారి దాన్ని తోలుకుని రావాలి అని తేల్చాడు. ఒంటరిగా ఉండకూడదు కనుక సిలాంతోయ్‌ని తోడు ఉండమన్నాడు.

"తోడుకి ఇంకెవరూ దొరకలేదా?" అంది నోలారి.

"మీరిద్దరూ అరుచుకుంటా ఉంటే సింహం కూడా దొడ్డి చాయలకు రాదు," అన్నాడు మెపుకోరి. "కొండ మీద నేనూ కాస్త కంటినిండా నిద్రపోతా."

ఊరు ఖాళీ అయ్యింది. ఇద్దరు ఆడవాళ్ళు, ఒక ఆవు మిగిలారు. నోలారి మొదటి రోజే శాసనం చేసేసింది. నీళ్ళు మొయ్యడం, కంప కొట్టి దొడ్డికి వెయ్యడం, దుమ్ములగొండులు వస్తే కొరివి పట్టుకుని తరమడం సిలాంతోయ్ పని. ఆవును చూసుకోవడం నోలారి పని. తను లేని వేళ సాంపు నొప్పులు పడితే కేకెయ్యాలే తప్ప చెయ్యి వెయ్యకూడదు. సిలాంతోయ్ అన్నిటికీ సరే పాకినే, సరే పాకినే అంది. ఆ సరే వింటుంటే నోలారికి అరికాలి మంట నెత్తికెక్కేది.

పొద్దున్నే లేచి మిట్టెక్కడం, గడ్డపోళ్ళు ఎంత దూరంలో ఉన్నాయో చూడడం, నాలుగు తిట్టి దిగడం, ఇదే నోలారి దినచర్య. వాగు అవతల ఉన్నంతసేపు భయం లేదనుకుంది. ఒక పొద్దున చూసేసరికి వాగు అవతల ఒక్కటీ లేదు. రాత్రికి రాత్రే అవి వాగు దాటాయి. మిట్ట కింద నేలంతా నల్లగా కదులుతోంది. కొన్ని అప్పటికే పడుకుని లేస్తున్నాయి, లేచి పడుకుంటున్నాయి. పురుళ్ళు మొదలయ్యాయని ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

బుద్ధున్న మనిషైతే అక్కడి నుంచే వెనక్కి తిరిగి, ఆవును మెల్లగా కొండవైపు నడిపించి ఉండేది. నోలారికి బుద్ధి ఉంది గానీ కోపం వచ్చినప్పుడు అది కాస్త పక్కకు జరిగి కోపానికి చోటిస్తుంది. ఇంట్లోంచి ఖాళీ నూనెడబ్బా, కర్ర తీసుకుని మిట్ట దిగింది. ఇన్నేళ్ళూ తిట్టింది చాలదన్నట్టు, ఇవాళ తాడో పేడో తేల్చుకుంటానని డబ్బా వాయించుకుంటూ మంద మధ్యకు నడిచిపోయింది.

కాసేపు ఆమెదే గెలుపు. ఎర్ర దుప్పటి కప్పుకుని, మెడలో పూసల కంటెలు గలగలమంటుంటే, డబ్బా మోగించుకుంటూ వస్తున్న ఆ ఆకారాన్ని చూసి గడ్డపోళ్ళు తోకలెత్తి పరుగు లంకించుకున్నాయి. దుమ్ము లేచింది. నోలారి నవ్వింది. పెళ్ళైన నాటి నుంచి ఎదురుచూసిన నవ్వు అది. దుమ్ము తగ్గాక చూస్తే మైదానంలో ఆమె ఒంటరిగా లేదు.

తేనెరంగు పిల్ల ఒకటి నిలబడి ఉంది. ఒళ్ళింకా తడారలేదు, బొడ్డుపేగు వేలాడుతోంది, నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పోతున్నాయి. వంశపు గడ్డం ఇంకా మొలవలేదు. అది నోలారిని చూసింది. గడ్డపోళ్ళ పిల్లలకు ఒక గుణం ఉంది. తల్లి తప్పిపోతే కళ్ళ ముందు కదిలేదేదైనా వాటికి తల్లే. జీబ్రా కదిలితే జీబ్రా వెంట పోతాయి, జీపు కదిలితే జీపు వెంట పోతాయి. ఆ పొద్దున కదిలింది నోలారి.

"పోవే," అంది నోలారి. "నేను మీ అమ్మను కాను. మీ అమ్మను తిట్టేదాన్ని."

పిల్లకు ఆ తేడా పెద్దగా పట్టలేదు. తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి, ముక్కు ఆమె మోకాలికి రుద్ది, దుప్పటి కొస నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది. నోలారి దుప్పటి లాక్కుని ఒక అడుగు వెనక్కి వేసింది. ఆవుల్ని చంపే చీమిడి ఏదైతే ఉందో అదే ఇప్పుడు తన మోకాలి మీద, దుప్పటి మీద వెచ్చగా అంటుకుని ఉంది. ఇంటికి పోదామంటే ఇది వెంట వస్తుంది. ఇది దొడ్డిదాకా వచ్చిందంటే సాంపుకు నూకలు చెల్లినట్టే. చుట్టమై వచ్చి దెయ్యమై పట్టుకోవడమంటే ఇదే.

పరుగెత్తింది. పుట్టి పూట కూడా కాని ఆ పిల్ల రెండుసార్లు పడి, మూడోసారికి ఆమెను దాటిపోయి, ముందుకెళ్ళి నిలబడి ఎదురుచూసింది. తుమ్మచెట్టు వెనక దాక్కుంది. పిల్ల చెట్టు చుట్టూ తిరిగి వచ్చి, దొరికావులే అన్నట్టు పొట్టలో పొడిచింది. కర్ర ఎత్తింది. పిల్ల ఆ కర్రను కూడా నాకి చూసింది. నోలారి కర్ర దించేసింది. జాతి మొత్తం మీద ఉన్న పగను ఇంకా సరిగా నిలబడడం రాని దాని మీద తీర్చుకోవడానికి ఆమెకు చేతులు రాలేదు. అలా రాకపోయినందుకు తన మీదే తనకు ఒళ్ళు మండిపోయింది.

ఇక మిగిలింది ఒకటే దారి. దీని తల్లిని వెతికి అప్పజెప్పడం. నోలారి ముందు, పిల్ల వెనక, మైదానమంతా తిరిగారు. ఆమె ఏ గుంపు దగ్గరకు వెళ్ళినా గుంపు పారిపోయేది. పారిపోని ఒకటి రెండు తల్లులు పిల్లను వాసన చూసి, మాది కాదని కొమ్ముతో నెట్టేశాయి. పిల్ల దొర్లి పడింది. నోలారికి చెప్పలేనంత కోపం వచ్చింది. కాసేపటి క్రితం దీన్ని వదిలించుకోవాలని చూసింది తనే అన్నది మరిచిపోయి, పసిదాన్ని పొడుస్తావా, నీ గడ్డం తగలబడ అని ఆ తల్లిని దులిపేసింది. చివరికి ఏమీ తోచక, పిల్ల మొదట కనిపించిన చోటికే తిరిగొచ్చింది.

అక్కడ ఒకటి ఒంటరిగా నిలబడి ఉంది. గుంపంతా పోయినా అది పోలేదు. నేలను వాసన చూస్తూ అటు పది అడుగులు, ఇటు పది అడుగులు తిరుగుతూ గుర్రు గుర్రుమని పిలుస్తోంది. పొదుగు నిండి బిగిసి ఉంది. పిల్ల చెవులు రిక్కించింది గానీ నోలారి కాళ్ళ దగ్గర్నుంచి కదల్లేదు. తల్లి నాలుగు అడుగులు ముందుకేసి, నోలారిని చూసి బెదిరి, ఆరు అడుగులు వెనక్కి వేసింది. అది రావాలంటే ఈమె పోవాలి. ఈమె పోతే పిల్ల ఈమె వెంట వస్తుంది.

నోలారి మెల్లగా దుప్పటి విప్పింది. పక్కనున్న చిన్న ముళ్ళపొదకు దాన్ని కప్పి, కొస పిల్ల నోటికి అందేలా కిందికి లాగింది. లోపలి బట్టతో నేల మీద బోర్లా పడుకుని, పాములా పాకుతూ వెనక్కి జరిగింది. ఊళ్ళో ఆడవాళ్ళెవరూ లేకపోవడం ఆ రోజు ఆమె చేసుకున్న అదృష్టం. పిల్ల ముళ్ళపొదను అమ్మ అనుకుని కొస చప్పరిస్తూ నిలబడింది. గాలికి దుప్పటి కదలడంతో దానికి అనుమానం కూడా రాలేదు. తల్లి ఆగి ఆగి దగ్గరకొచ్చి, పిల్లను ఆమూలాగ్రం వాసన చూసి, నాకడం మొదలుపెట్టింది. పిల్ల దుప్పటి వదిలేసి పొదుగు అందుకుంది. గడ్డిలో బోర్లా పడుకున్న నోలారి ముక్కు చీదింది. దుమ్ముకు కళ్ళలో నీళ్ళొచ్చాయని తర్వాత అందరికీ చెప్పింది.

ఇంటి దారి పట్టేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. దొడ్డి కనిపించేంత దూరంలో ఉండగానే సిలాంతోయ్ కేక వినిపించింది. ఉమ్మనీరు పోయి చాలాసేపైందనీ, దూడ మూతి, ఒక్క కాలు మాత్రమే బయటికొచ్చాయనీ, రెండో కాలు రావడం లేదనీ అరిచి చెప్పింది.

నోలారి పరుగున వచ్చి దొడ్డి గుమ్మానికి అడ్డంగా వేసిన కంప మీద చెయ్యి వేసింది. లోపల సాంపు పక్కకు ఒరిగి పడుకుని మూలుగుతోంది. ఇలాంటి ఈతలు నోలారి చేతి మీదుగా ఎన్నో జరిగాయి. రెండు అంగల్లో దాని దగ్గర ఉండొచ్చు. మోకాలి మీద ఎండిన చీమిడి చర్మాన్ని లాగుతోంది. లోపలికి అడుగు పెడితే దూడ బతకొచ్చు, తల్లి మాత్రం ఆ తర్వాత కళ్ళకు పొర కమ్మి చస్తుంది. ఆమె కంప మీద నుంచి చెయ్యి తీసేసి, గాలి ఆవు వైపు వీచని పక్కకు, కేక వినపడేంత దూరానికి జరిగింది. ఆ కొద్ది దూరం నడవడం ఆమె బతుకులో చేసిన పనులన్నిటిలోకీ కష్టమైన పని.

"లోపలికి రావేం పాకినే?" అంది సిలాంతోయ్.

"గడ్డపోళ్ళ పిల్లను ముట్టుకున్నా. మైల పడ్డా. నేను రాకూడదు. నువ్వే చెయ్యాలి."

"ఆవు మీద చెయ్యెయ్యొద్దన్నావు గదా."

అలాంటి సమయంలో కూడా ఆ మాట అనకుండా ఉండలేకపోయింది, సవతి అనిపించుకుంది.

"ఇప్పుడు వెయ్యమంటన్నా," అంది నోలారి. "బతిమాలుకుంటన్నా కూడా. చాలా?"

సిలాంతోయ్ చేతులకు నెయ్యి రాసుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. నోలారి దూరం నుంచే ఒక్కో పనీ చెప్పింది. నొప్పి వచ్చినప్పుడు ఆగమంది, నొప్పి పోయాక దూడను మెల్లగా లోపలికి నెట్టమంది, వెనక్కి మడిచిన కాలి వెంబడి చెయ్యి జార్చి గిట్టను అరచేతిలో దాచుకుని ముందుకు తెమ్మంది, గిట్ట గీసుకుంటే తల్లి లోపల చీరుకుపోతుందని భయపెట్టింది. సాంపు గట్టిగా అరిచింది. నోలారి ఆ అరుపును మించి దాన్ని తిట్టింది. తిడితేనే అది వింటుంది. ఆవు తల తిప్పి ఆ గొంతు వచ్చిన వైపు చూసి మళ్ళీ ముక్కింది.

"దొరకడం లేదక్కా," అంది సిలాంతోయ్. గొంతులో ఏడుపు ఉంది. కాపురానికి వచ్చాక ఆమె నోట అక్కా అన్న మాట రావడం అదే మొదలు.

"దొరుకుద్ది. నీ చెయ్యి సన్నం. నాకంటే నువ్వే నయం. ఇంకాస్త లోపలికి పోనియ్యి."

దొరికింది. రెండు కాళ్ళూ కలిపి తోలుపట్టీ బిగించి, సాంపు ముక్కినప్పుడల్లా కిందికి లాగింది. దూడ జారి వచ్చి ఆమె ఒళ్ళోనే పడింది. ముక్కులో గడ్డిపరక పెట్టి తుమ్మించి, వెనక్కాళ్ళ మధ్య చూసి, పెయ్యదూడ అని అరిచింది.

తల్లి లేచి దూడను నాకింది. దూడ మాత్రం నీరసించి లేవలేకపోయింది. ముందు కాసిని జున్నుపాలు పితికి నోట్లో పొయ్యమని నోలారి చెప్పింది. చెబుతూనే మనసులో ఒక పందెం వేసుకుంది. సిలాంతోయ్ చేతికి సాంపు చచ్చినా చేపదు, కాలితో ఒక్కటిస్తుంది. అప్పుడు తను రోజూ పితికేటప్పుడు పాడే పాట దూరం నుంచి పాడాలి. గొంతు కూడా సవరించుకుంది.

పాట అక్కర్లేకపోయింది. సిలాంతోయ్ సొరబుర్ర పట్టుకుని ఎడమపక్కన కూర్చుంది. ఆమె కూర్చోగానే సాంపు, ఎవరూ చెప్పకుండానే, వెనకకాలు కాస్త వెనక్కి జరిపి చోటిచ్చింది. సిలాంతోయ్ నుదురు దాని డొక్కకు ఆనించింది. వెనక చన్ను ఒకటి నొప్పి చన్ను, దాన్ని వదిలేసి పక్కదాన్ని పట్టుకుంది. ధార బుర్రలో చుయ్యిమని పడింది. ఆవు నెమరేస్తోంది.

నోలారి గొంతులో పాట గొంతులోనే ఉండిపోయింది. ఆవు కొత్త చేతికి అలా నిలబడదు. కొన్నేళ్ళుగా సాయంత్రం పాలు తగ్గుతున్నాయని ఆమె ఊరంతా చెప్పుకుంది, గడ్డపోళ్ళ రొదకు బెదిరి సాంపు పాలు ఎగబట్టిందని వాటిని తిట్టింది. గడ్డపోళ్ళు కనుచూపుమేరలో లేని నెలల్లో కూడా వాటి దిగులుకేనని నమ్మింది. తను నీళ్ళకు వెళ్ళిన వేళల్లో ఇంట్లో ఎవరున్నారన్నది ఒక్కసారైనా ఆలోచించలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ ఆవే పట్టించింది.

మామూలు రోజైతే ఆ అరుపులు కొండ మీద మెపుకోరి నిద్ర చెడగొట్టి ఉండేవి. నోలారి నోరు తెరిచింది కూడా. ఎదురుగా దూడ సిలాంతోయ్ వేళ్ళు చప్పరిస్తూ, జున్నుపాలు మింగుతూ, కాళ్ళు కూడదీసుకుంటోంది. ఆ చేతుల్ని ఆవు ఎరగకపోతే ఇవాళ లోపలికి రానిచ్చేది కాదు. నోలారి నోరు మూసుకుంది.

చల్లబడగానే బయల్దేరారు. దూడను మెడ మీద వేసుకుని సిలాంతోయ్ ముందు నడిచింది, దూడ వెనక సాంపు, చాలా దూరంలో, మైల మనిషి నోలారి. రాళ్ళున్నాయి చూడు, నీళ్ళు తాపు, కాసేపు ఆగనియ్యి అని దారిపొడవునా వెనక నుంచి కేకలు పెడుతూనే ఉంది. కొండ మొదట్లో ఉన్న చుట్టాల దొడ్డికి చేరేసరికి మెపుకోరి ఎదురొచ్చాడు. పెద్దభార్య దుప్పటి లేకుండా ఆమడ దూరంలో రావడం చూసి, గడ్డపోళ్ళు నిన్ను కూడా దోచుకున్నాయా అని అడిగాడు.

నోలారి జరిగిందంతా చెప్పింది. చెప్పడంలో గడ్డపోళ్ళు రెట్టింపయ్యాయి, ముళ్ళపొద పెద్దచెట్టయింది. సిలాంతోయ్ కాలు ఎలా తిప్పిందో, ఎంత నేర్పుగా లాగిందో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది. చుట్టాలందరూ మెచ్చుకుంటుంటే సిలాంతోయ్ తల వంచుకుని, ఆ తర్వాత రాబోయే మాట కోసం బిక్కుబిక్కుమంటూ ఎదురుచూసింది. ఆ మాట రాలేదు.

నోలారి ఆ పెయ్యను సవతికి ఇచ్చేసి ఉంటుందనీ, ఇద్దరూ పాషే అయిపోయారనీ అనుకునేవాళ్ళుంటారు. అదేమీ జరగలేదు. పెయ్య నోలారిదే. ఆమెకు కోపం తగ్గింది గానీ మతి పోలేదు.

మర్నాడు సాయంత్రం కొండవాగులో మునిగి, చుట్టాలావిడ దుప్పటి కప్పుకుని నోలారి దొడ్డి దగ్గరకొచ్చింది. ఇంకొన్నాళ్ళు ఆవును ముట్టుకోవద్దని పెద్దలన్నారు కాబట్టి కంప ఇవతలే కూర్చుంది. లోపల సిలాంతోయ్ సాంపును పితుకుతోంది. బుర్ర సగం కాగానే, ఎవరో తరుముతున్నట్టు గబుక్కున లేచి నిలబడింది.

"కూర్చో," అంది నోలారి.

సిలాంతోయ్ ఒక అడుగు వెనక్కి వేసింది.

"సగం పితికి లేస్తే అడుగుపాలు పొదుగులోనే ఉండిపోతాయి. గడ్డకట్టి ఆవు పాడైపోద్ది. ఇన్నేళ్ళూ ఇట్టాగే లేచావా?"

సిలాంతోయ్ బుర్రలోకి చూసింది.

"నీ అడుగుల చప్పుడు వినపడేదక్కా," అంది.

"ఇప్పుడు నేను ఇక్కడే కూర్చున్నా గదా. ఇంక ఎవరికి భయపడతావు? కడదాకా పితుకు."

సిలాంతోయ్ మళ్ళీ కూర్చుని, నుదురు సాంపు డొక్కకు ఆనించి, కడదాకా పితికింది.